తాళం పడిన పసుపు రంగు

ఆ రోజుల్లో రంగులకు యజమానులుండేవారు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, మేము పెరిగిన సికింద్రాబాదులో పసుపు రంగు దివాణానిది, అంటే మమ్మల్నేలే నవాబు సర్కారుది. కోట మీదా కచేరీల మీదా ఎగిరే జెండా రంగు అదే కాబట్టి దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకునేవారు కాదు. ఆకుపచ్చ ఒక గుంపుది, కాషాయం ఇంకో గుంపుది. ఎరుపు అడవుల్లో తుపాకులు పట్టుకు తిరిగేవాళ్ళది. తెల్ల ఖద్దరు జైలుకు వెళ్ళొచ్చినవాళ్ళది. ఖాకీ కనిపిస్తే ఎవరిదని అడక్కుండా ముందు తలుపేసుకోవాలి. ఇన్ని పంపకాలయ్యాక మిగిలింది నీలం. దాని జోలికి ఎందుకో ఎవరూ రాలేదు. సరిగ్గా అటువంటి కాలంలో, పందొమ్మిదేళ్ళ వయసులో, నేను డ్రాయింగు టీచరునయ్యాను. (మా వంశంలో ఎవరికీ సమయం, సందర్భం తెలియవని నాయనమ్మ అంటూనే ఉండేది. ఆ వంశం ఆమెదే అన్న సంగతి మాత్రం మర్చిపోయేది.)

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. గూడ్సు వ్యాగన్లకు పూసే ముదురు ఇటుక రంగు డబ్బాల అడుగున కాస్త మిగిలితే, "ఎలాగూ పారబోసేదేనమ్మా, పాపం లేదు" అంటూ ఇంటికి తెచ్చేవాడు. తెచ్చినది ఊరికే ఉండనివ్వడు కదా. తలుపులు, కిటికీలు, ట్రంకుపెట్టెలు, బియ్యం డబ్బా, కోళ్ళగూడు, చివరికి క్రిస్మస్‌కు చూరుకు కట్టే నక్షత్రం కూడా వ్యాగన్ రంగే. దూరం నుంచి చూస్తే గార్డు ఈల వేయగానే మా ఇల్లు కదిలిపోతుందేమో అనిపించేది. "రైలుకు పనికొచ్చింది మనకు పనికిరాదా?" అనేవాడు నాన్న. దానికి సమాధానం ఇప్పటికీ నాకు దొరకలేదు. ఇక ఒంటి మీది రంగులు నాయనమ్మ ఇలాకా. మా అమ్మ చిన్నప్పుడే పోవడంతో గుంటూరు వైపు నుంచి వచ్చి నన్ను పెంచింది ఆమే. ఆదివారం గుడికి తెల్ల చీర, మిగిలిన రోజులు బూడిద రంగు చీర. ఆ విధంగా పుట్టి బుద్ధెరిగాక ఒక్క రంగైనా నా అంతట నేను ఎంచుకోని నన్ను పిలిచి, పిల్లలకు రంగులు నేర్పమన్నారు.

పిలిచింది మా మిషను బళ్ళో దొరసాని. ఆమె తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివి. కూరగాయలు బేరమాడినా ప్రవక్త హెచ్చరించినట్టే ఉండేది. "అమ్మాయీ, వస్తువు ఏ రంగుగా ఉన్నదో ఆ రంగు వేయించవద్దు. బిడ్డ యొక్క హృదయమునకు ఏ రంగు తోచునో ఆ రంగు వేయించుము" అంది. అది వాళ్ళ దేశంలో వచ్చిన కొత్త పద్ధతట. నాకు సగమే అర్థమైంది, అయినా ఉద్యోగం కదా, తలూపాను. బడి కమిటీకి మాత్రం ఆ సగం కూడా అర్థం కాలేదు. ఆడపిల్లలు బొమ్మలు వేస్తూ కూచుంటే చొక్కాలకు బొత్తాలు ఎవరు కుడతారని వాళ్ళ ప్రశ్న. చివరికి ఒక రాజీ కుదిరింది. పిల్లల బొమ్మలు గోడలకు పెట్టి ఇన్స్‌పెక్టరు సాహెబుకు చూపించాలి. ఆయన బాగుందంటే డ్రాయింగు క్లాసు ఉంటుంది, దానితోపాటు నేనూ ఉంటాను. బాగాలేదంటే క్లాసు మూత, నేను కుట్టు క్లాసులో సాయానికి. నా కుట్టు సంగతి తెలిసినవాళ్ళెవరికైనా ఇది ఎంత పెద్ద శిక్షో అర్థమవుతుంది. నేను ఒకసారి నాన్న చొక్కాకు బొత్తం కుడితే ఆయన దాన్ని నా జాకెట్టుతో సహా తొడుక్కోవాల్సి వచ్చింది.

మొదటి పాఠం 'సంతోషం'. దొరసాని సీమ నుంచి తెప్పించిన రంగుల పెట్టె తెరిచి, మీకు సంతోషం ఏ రంగుగా ఉంటుందో ఆ రంగు వెయ్యండర్రా అన్నాను. పిల్లలందరూ పసుపు బిళ్ళ మీద పడ్డారు. పాలవాళ్ళ అమ్మాయి ఒకతె కాగితం నిండా పెద్ద గేదెను గీసి, కొమ్ముల నుంచి తోక దాకా పసుపు పూసేసింది. ఇదేమిటే అంటే, "మా బర్రె ఈనింది టీచర్. ఇంటిల్లిపాది జున్ను తిన్నం. గందుకే" అంది. దొరసాని ఆనందానికి మేర లేదు. నా జీవితంలో నేను మొదటిసారి టీచరునని అనిపించింది ఆ గేదె ముందు నిలబడ్డప్పుడే.

ఆ సాయంత్రమే ఆమేన్ తాత వచ్చాడు. ఆయన బడి కమిటీ పెద్ద, గుళ్ళోనూ పెద్దే. అధికారంలో ఉన్నవాళ్ళెవరు మాట్లాడినా వాక్యం పూర్తవకముందే 'ఆమేన్' అనేస్తాడని పిల్లలు పెట్టిన పేరది. గేదెను చూడగానే కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇది ఏ రంగు?"

"పసుపండీ."

"పసుపు ఎవరిది? దివాణంది. దేనికి పూసినవ్? బర్రెకు. ఇన్స్‌పెక్టరు సాహెబు వచ్చి చూసి, మా సర్కారును బర్రె చేసిన్రా అంటే ఏం చెప్తవ్? జెర ఆలోచించు బిడ్డా."

ఆలోచించాను. ఆలోచించేకొద్దీ గేదె ముఖంలో ఏదో అధికారం కనిపించడం మొదలెట్టింది. ఆమేన్ తాత పెట్టెలోంచి పసుపు బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత ఆకుపచ్చ మీద అనుమానం వచ్చింది, అదీ తీశాడు. ఎందుకైనా మంచిదని నారింజ, ఎరుపు కూడా. అన్నిటినీ తన బీరువాలో పెట్టి తాళం వేసి, "పరిస్థితులు చక్కబడినంక ఇస్త" అన్నాడు. పెట్టెలో నీలం, నలుపు, తెలుపు మిగిలాయి. మర్నాటి నుంచి మా పిల్లల సంతోషం నీలం, దుఃఖం నీలం, దసరా సెలవులు నీలం, తమ్ముడికి కుక్క కరవడం కూడా నీలమే. గోడ చూస్తే క్లాసు మొత్తం ఒకే బావిలో పడ్డట్టుండేది.

ఇది చాలదన్నట్టు దొరసాని నా మీద పడింది. "ఉపాధ్యాయిని తన హృదయమును చూపకుండా బిడ్డల హృదయములను అడుగుట న్యాయము కాదు. నీవును ఒక చిత్రము వేయుము" అంది. సరేనని నీలంతో కూచున్నాను. ఎంతసేపు కూచున్నా హృదయం పలకదు. నాకేం కావాలో నాకే తెలియదన్న సంగతి ఆ కాగితం ముందు కూచునేదాకా నాకు తెలియదు. నీలం నచ్చలేదు. తెలుపంటే ఆదివారం ప్రసంగం గుర్తొచ్చింది. నలుపు ముట్టుకుంటే నాయనమ్మ చంపుతుంది. ఇంటికొచ్చి దిగులుగా వరండాలో కూచుంటే, పక్కింటి అత్త తన గడపకు పసుపు రాస్తూ కనిపించింది. వాళ్ళు తాతల కాలం నుంచి ఇక్కడివాళ్ళే, పండ్ల వ్యాపారం. ప్రతి శుక్రవారం గడప కడిగి పసుపు రాసేది. చిన్నప్పుడు మా వ్యాగన్ రంగు గడప దిగి, పిట్టగోడెక్కి, ఆ గడప ఆరేదాకా చూస్తూ కూచునేదాన్నని అప్పుడు గుర్తొచ్చింది. నా రంగు అది. అంత పెద్ద పెట్టె వెతికినా దొరకనిది పిట్టగోడకు అవతల ఉంది. దొరికీ ఏం లాభం? అది ఆమేన్ తాత బీరువాలో ఉంది.

ఇంతలో సెప్టెంబరు వచ్చింది, సైన్యం వచ్చింది. పోలీసు యాక్షన్ అంటారే, అదే. ఆ కొద్ది రోజులూ లాలాగూడలో కిటికీ తెరిచినవాళ్ళు లేరు. పక్కింటి మామ రేడియో చెవికి ఆనించుకుని విన్నది గోడ మీదుగా మా నాన్నకు చెప్పడం, నాన్న దాన్ని కాస్త పెంచి మాకు చెప్పడం, నాయనమ్మ దాన్ని ఇంకాస్త పెంచి దేవుడికి చెప్పడం. ఒకరోజు మిలిటరీ బండ్లు వరసగా రోడ్డు మీద పోయాయి, అంతే, జెండాలు మారిపోయాయి. మారడమంటే మాటలా? బజారులో కాషాయం గుడ్డకు కరువొచ్చింది. పాత చీరలు నానబెట్టి రంగులద్దినవాళ్ళున్నారు, తొందరలో తలకిందులుగా కట్టినవాళ్ళున్నారు. మా నాన్న మాత్రం కంగారుపడలేదు. పై పట్టీకి నిశ్చింతగా వ్యాగన్ రంగు పూసి, "దూరం నుంచి కాషాయమేలే" అన్నాడు. మా ఇంటి మీద ఎగిరిన మొదటి త్రివర్ణ పతాకం సరుకు రవాణాకు సిద్ధంగా ఉండేది. నవ్వుకున్నాం, నిజమే. కానీ అదే వీధిలో కొన్ని ఇళ్ళ తలుపులు చాలా రోజులు తెరుచుకోలేదు. బడి తెరిచాక నా క్లాసులో కొన్ని చోట్లు ఖాళీగా ఉన్నాయి. హాజరు పిలిచేటప్పుడు ఆ పేర్లూ పిలిచి, ఎదురుగా గీత పెట్టేదాన్ని.

ఆమేన్ తాత మాత్రం బీరువా తెరిచాడు. తలకు కొత్త తెల్ల టోపీ. నారింజ, ఆకుపచ్చ బిళ్ళలు తెచ్చి నా ముందు పెట్టి, "ఇగ భయం లేదు. ప్రతి బొమ్మకు ఈ రెండు రంగులు తగలాలె. షురూ చెయ్యి" అన్నాడు.

"మరి పసుపు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "పసుపా? పాత సర్కారు మీద ప్రేమ ఇంకా పోలేదా నీకు?" అని గొంతు తగ్గించి అడిగి, బీరువాకు మళ్ళీ తాళం వేశాడు. దివాణం ఉన్నప్పుడు పసుపు వేస్తే దివాణానికి అవమానం. దివాణం పోయాక వేస్తే దివాణం మీద అభిమానం. ప్రభుత్వాలు మారినా తాళం మారకపోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఇక బొమ్మలన్నిటికీ కాషాయం, ఆకుపచ్చ చారలు పడ్డాయి. పాలవాళ్ళ అమ్మాయి గేదెకు కొమ్ముల వైపు కాషాయం, పొట్ట తెలుపు, కాళ్ళు ఆకుపచ్చ. దొరసాని దాన్ని చూసి, "అయ్యా, ఇది ఆ జంతువునకు గౌరవమా, ఆ పతాకమునకు అవమానమా?" అని అమాయకంగా అడిగింది. ఆమేన్ తాతకు చెమటలు పట్టాయి. ఆ మధ్యాహ్నమే గేదెకు నిలువెల్లా నలుపు పూయించాడు. ఇన్ని ప్రభుత్వాలు చూశాక ఆ గేదె తన సొంత రంగుకు చేరుకుంది.

నాకు మాత్రం మొండితనం వచ్చింది. బీరువాలో ఉంటే ఉండనీ అనుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, "అత్తా, కాస్త పసుపు పెడతావా?" అని అడిగాను. ఆమె ఏమీ అడక్కుండా గిన్నెడు పోసింది. తుమ్మబంక నానబెట్టి, పసుపు కలిపి, పెరట్లో కూచుని కాగితం మొత్తం పూశాను. పూస్తూ ఉంటే ఒంట్లోకి ఎండ వస్తున్నట్టుంది. కాగితమంతా పసుపు, కింద మూలన అగ్గిపెట్టెంత మా ఇల్లు, దానికి నాన్న డబ్బాలోంచి వ్యాగన్ రంగు. ఇంకేమీ లేదు. అంత సంతోషం అంతకు ముందు నాకు తెలియదు. ఆ సంతోషంలో చేతులు చూసుకోలేదు, చెమట తుడుచుకుంటూ చెంపలకూ మెడకూ అంటించుకున్నదీ చూసుకోలేదు. అలాగే లోపలికి వెళ్ళాను.

నాయనమ్మ నన్ను చూసి చేతిలోని చేట వదిలేసింది.

"ఎవడే వాడు?"

"ఎవరు నాయనమ్మా?"

"నాకు తెలియదనుకోకు. చెంపలకు పసుపు, మెడకు పసుపు! మంగళస్నానాలు కూడా అయిపోయాయా? బాప్తిస్మం రోజున నేను ఇష్టంగా రాసుకునే పసుపు కడుక్కున్నానే, మళ్ళీ ఈ జన్మలో ముట్టలేదే! నువ్వు ఇంటికి తెచ్చావా?"

ఎవరికీ చెప్పకుండా హిందువుల అబ్బాయిని పెళ్ళి చేసుకొచ్చానని ఆమె నిర్ధారణ. నేను కాగితం చూపించబోతే అది శుభలేఖ అనుకుంది. గోల విని పక్కింటి అత్త గోడ మీద నుంచి, "ఏందమ్మా ఆ లొల్లి? పిల్ల జెర పసుపు అడిగింది, ఇచ్చిన. పెండ్లి గిట్ల ఉంటే మాకు సుత చెప్పరా?" అంది. పసుపు ఇచ్చింది కూడా వాళ్ళేనని తేలడంతో వాళ్ళింట్లో పెళ్ళీడు కుర్రాడెవరా అని నాయనమ్మ లెక్కలు వేయసాగింది. (ఉన్నది ఒక్కడే, వాడికి ఏడేళ్ళు.) నాన్న వర్క్‌షాపు నుంచి వచ్చేసరికి ప్రార్థనకు ఆమేన్ తాతను పిలిపించేశారు. ఆయన గంభీరంగా వచ్చి, మోకరించబోతూ, గోడకు ఆనించి ఆరబెట్టిన బొమ్మను చూశాడు. అలాగే సగంలో ఆగిపోయాడు.

"అమ్మా, ఇది పెండ్లి కాదు. జెండా!"

"అయ్యో, పెళ్ళి కాదా?" అంది నాయనమ్మ ఆశగా.

"పెండ్లి అయితే ఎంత బాగుండు! ప్రార్థన చేసుకుని సర్దుకుందుము. జెండాకు ఏ ప్రార్థన ఉన్నదమ్మా?" అని ఆయన కూలబడ్డాడు. మా నాన్న ఒక్కడే బొమ్మను దగ్గరగా చూశాడు. మూలన ఉన్న ఇంటి మీద వేలుంచి, "రంగు బాగా పట్టిందే" అన్నాడు. వ్యాగన్ రంగు గురించే.

ప్రదర్శన రోజున ఆ బొమ్మ పెట్టకూడదని కమిటీ ఆజ్ఞ. అది కనిపిస్తే క్లాసు పోవడం ఖాయమని ఆమేన్ తాత నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పాడు. నేనూ భయపడి ఒప్పుకున్నాను. దొరసానికి ఆజ్ఞ ఎవరూ చెప్పలేదో, చెప్పినా బైబిలు భాషలో చెప్పలేదో, పొద్దున్నే వరండా చివర దాన్ని తానే మేకు కొట్టి తగిలించింది. తీద్దామని నేను వెళ్ళేసరికి ఇన్స్‌పెక్టరు సాహెబు దిగనే దిగాడు. దివాణం రోజుల్లో బడికి వచ్చే మనిషి ఆయనే, షేర్వానీ కూడా పాతదే. ఛాతీ మీద పాత బిల్లా ఉండే చోట మాత్రం గుండ్రంగా, వెలవని గుడ్డ ఉంది. మమ్మల్ని చూసి ఆదాబ్ చేయబోయి, చెయ్యి సగం లేచాక దాన్ని నమస్తేగా మార్చబోయి, అదీ కుదరక నుదురు గోక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది కూడా. ఆయన ఆ చెయ్యి దించి, బిల్లా లేని చోటును కప్పుకున్నాడు.

బొమ్మలు ఒక్కొక్కటే చూశాడు. అన్నిటి మీదా ఉన్న కాషాయం, ఆకుపచ్చ చారలకు బుద్ధిగా తలూపాడు. నల్లగేదె దగ్గర మాత్రం "వాహ్, అస్లీ!" అన్నాడు. వరండా చివరికి వచ్చి ఆగాడు.

"అది బొమ్మ కాదు సాహెబ్, వంటింట్ల పసుపు ఒలికింది" అన్నాడు ఆమేన్ తాత.

"అసత్యము. ఇది ఉపాధ్యాయిని యొక్క హృదయము" అంది దొరసాని.

సాహెబు నా వైపు తిరిగాడు. "ఏం బేటీ, జెండానా ఇది?"

ఏదైనా చెప్పవచ్చు. ఆవాల చేను అనవచ్చు, స్వాతంత్ర్య సూర్యోదయం అంటే ఇంకా మంచిది, ఆమేన్ తాత పెదవులతో అదే అందిస్తున్నాడు కూడా. చెబితే క్లాసు ఉంటుంది. కానీ నా అంతట నేను ఎంచుకున్నది అదొక్కటే. "కాదు సార్. ఊరికే. నాకిష్టం" అన్నాను. అనేసి, కుట్టు క్లాసులో నా కుర్చీ ఎక్కడ వేస్తారో చూసుకున్నాను.

సాహెబు ఆమేన్ తాతను మంచినీళ్ళు తెమ్మని పంపాడు. తాత వెళ్ళాక నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు. "మా అమ్మీ తలకు కప్పుకునే ఓఢ్నీ గిదే రంగు. నేను చిన్నగున్నప్పుడు దాంట్ల ముఖం పెట్టి పండుకునేటోణ్ణి. గా జెండా కింద ఇన్నేండ్లు నౌక్రీ చేసిన గని, దాన్ని చూసినప్పుడల్లా నాకు అమ్మీనే యాదికొస్తుండె. ఇప్పుడు గీ రంగు చూస్తే పరేషాన్ అయితున్న. ఇంట్ల ఆ ఓఢ్నీని పెట్టె అడుక్కు దాచినం బేటీ. అమ్మీని సుత దాచినట్టే ఉన్నది."

బొమ్మను మేకు మీద నుంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చుట్టి షేర్వానీ లోపల పెట్టుకుని బొత్తాలు వేసుకున్నాడు. "ఇక్కడ ఏం లేకుండె. సమజైందా?" అన్నాడు. డ్రాయింగు క్లాసు బాగుందని, నడిపించవలసిందని రాసి సంతకం పెట్టాడు. మంచినీళ్ళు తెచ్చిన ఆమేన్ తాత ఖాళీ గోడను చూసి, అంత తృప్తిగా నేనెప్పుడూ వినని గొంతుతో "ఆమేన్" అన్నాడు.

క్లాసు నిలిచింది. రిటైరయ్యేదాకా పిల్లలకు రంగులు నేర్పాను. పసుపుతో వేసిన రంగు ఎండ తగిలితే నిలవదని, వెలిసిపోతుందని ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ సాహెబు ఇంట్లో నా బొమ్మ ఎన్నాళ్ళుందో మరి. పెట్టె అడుగున ఓఢ్నీతో పాటు దాచి ఉంటే ఇంకా పసుపుగానే ఉందేమో. ధైర్యం చేసి గోడకు పెట్టి ఉంటే మాత్రం ఈపాటికి తెల్లకాగితం, మూలన అగ్గిపెట్టెంత వ్యాగన్ రంగు. ఆ రంగు పోదు, మా నాన్న మీద ఒట్టు.

మొన్న మల్కాజ్‌గిరిలో మా అమ్మాయి ఇంటికి రంగులు వేయిస్తుంటే, నా గదికి ఏ రంగు కావాలో నన్నే ఎంచుకోమన్నారు. పెయింటరు ఒక పెద్ద పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టాడు. ఒక్క పసుపులోనే ఇన్ని రకాలుంటాయని నాకు తెలియదు. నాకు కావలసింది పేజీ మధ్యలో దొరికింది, దాని మీద వేలు పెట్టాను. పెట్టి, తల తిప్పి గుమ్మం వైపు ఓసారి చూశాను.

"ఎవరన్న రావాల్నా మేడమ్?" అన్నాడతను.

"ఎవరూ రారులే బాబూ. ఇదే వెయ్యి" అన్నాను. గొంతు మాత్రం, ఎందుకో, కాస్త తగ్గించే అన్నాను.